ఆల్బంలో పెట్టని పాట

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ప్రేమ్‌రాజ్ అంటే బస్సు డిపోలో మెకానిక్ అనే అందరికీ తెలుసు. ఒకప్పుడు అతను డ్రమ్ములు వాయించేవాడనీ, అతని తమ్ముడు ఇస్సాకు మైకు పట్టుకుంటే కాలేజీ పిల్లలు బెంచీలెక్కి అరిచేవాళ్ళనీ ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఆ గల్లీలో నలుగురైదుగురు కూడా లేరు. ప్రేమ్‌రాజ్ తనంతట తాను చెప్పుకునే మనిషి కాదు. డ్యూటీ నుంచి వచ్చి, చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, అమ్మ పక్కన కూర్చుని టీ తాగుతాడు. అంతే అతని సాయంత్రం.

తండ్రి బాబురావు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేస్తూనే పోయాడు. తల్లి కాశమ్మ చార్మినార్ దగ్గరి దుకాణాల నుంచి లక్క గాజులు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని వాటికి రాళ్ళు అతికి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు నెమ్మదస్తుడు. చిన్నవాడు ఇస్సాకు మాత్రం ఒక్కచోట నిలిచేవాడు కాదు. జిరాక్స్ షాపులో పనిచేస్తూ, కాగితాలు తిప్పుతూ కూడా పాడేవాడు. చర్చిలో క్వయర్ పాట ఎత్తుకుంటే పాస్టరుగారు కళ్ళు తెరిచి చూసేవారు.

ఒక క్రిస్మస్ కార్యక్రమంలో ఆ గొంతు విని లక్ష్మీకాంత్ వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. అతనిది సంతోష్‌నగర్. ఏలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇంజనీరుగారి అబ్బాయి. చేతిలో మంచి గిటారు, నోట్లో ఇంగ్లీషు పాటలు. మొదట్లో కాశమ్మ అతనికి కుర్చీ వేసి, స్టీలు గ్లాసు తోమి మరీ నీళ్ళిచ్చేది. నెల తిరిగేసరికి అతనే వంటింట్లోకి వచ్చి కుండలోంచి ముంచుకుని తాగసాగాడు. బేస్ గిటారుకు జగదీశ్వర్ అనే కుర్రాడు కుదిరాడు. స్టేషన్ పక్క రేకుల షెడ్డులో వాయించేవాళ్ళు. రైలు వచ్చినప్పుడల్లా పాట ఆపాల్సి వచ్చేది. అందుకే ఇస్సాకు ఆ బృందానికి 'పట్టాలు' అని పేరు పెట్టాడు.

రెండు మూడేళ్ళలో పట్టాలుకు పేరొచ్చింది. ఒక క్యాసెట్ కంపెనీ ముందుకు వచ్చి ఆల్బం వేసింది. ఎనిమిది పాటలు తీసుకుని ఒకటి వద్దంది. వద్దన్నది ఇస్సాకు తల్లి మీద కట్టిన పాట.

"లైటు పోయిన గల్లీల, నీ గాజుల సప్పుడే నాకు దారి" అని మొదలవుతుంది అది. నెమ్మదిగా నడిచి, మధ్యలో ఉన్నట్టుండి పరుగెత్తి, మళ్ళీ ఊపిరి తీసుకునే పాట. ఏడుపు పాట అనీ, కుర్రకారు కొనరనీ కంపెనీవాళ్ళు పక్కన పెట్టేశారు. ఇస్సాకు నవ్వేశాడు. "కొననీకె గాదు, మా అమ్మ ఇననీకె కట్టిన" అన్నాడు. షెడ్డులో టేప్‌రికార్డరు పెట్టి ఒకే ఒక్కసారి ఆ పాట రికార్డు చేశారు. మధ్యలో రైలు వచ్చింది. ఇస్సాకు పాట ఆపి, నవ్వుతూ "పోనియ్ పోనియ్, అది గూడ ఇంటికే పోతున్నది" అన్నాడు. రైలు వెళ్ళాక వదిలిన చోటు నుంచే అందుకున్నాడు. ఆ క్యాసెట్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అతనికి డెంగీ వచ్చింది. ఆస్పత్రికి నడిచే వెళ్ళాడు. అంబులెన్సులో తిరిగొచ్చాడు.

ఆ తర్వాత లక్ష్మీకాంత్ గిటారుతో పాటు మైకు కూడా తీసుకున్నాడు. ప్రేమ్‌రాజ్ రెండు ప్రోగ్రాములకు వెళ్ళాడు. ముందు నిలబడ్డ వీపు తమ్ముడిది కాకపోవడం అతను తట్టుకోలేకపోయాడు. మూడోదానికి రానన్నాడు. వాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారు. పట్టాలు బెంగళూరు వెళ్ళింది, ఢిల్లీ వెళ్ళింది, పత్రికల్లోకి ఎక్కింది. ఇస్సాకు పేరు మొదట్లో రెండో వాక్యంలో ఉండేది, తర్వాత చివరి వాక్యంలోకి జరిగింది, ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. ప్రేమ్‌రాజ్ డిపోలో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, స్వీటీ అనే కూతురు పుట్టింది.

క్యాసెట్ మాత్రం బీరువాలో కాశమ్మ పెళ్ళిచీర మడతలో ఉండిపోయింది. ఇంట్లో టేప్‌రికార్డరు ఎప్పుడో పాడయింది. ఒకసారి ప్రేమ్‌రాజ్ కోఠీలో రిపేరు షాపతనికి చూపిస్తే, టేపు అంటుకుపోయింది, తిప్పితే తెగుతుంది, మంచి మిషను మీదనే పెట్టాలి అన్నాడు. భయపడి తెచ్చి మళ్ళీ చీరలో పెట్టాడు. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి.

కిందటేడు లక్ష్మీకాంత్ వచ్చాడు. కారు గల్లీలోకి రాదు కనుక మెయిన్‌రోడ్డు మీదే వదిలి నడిచొచ్చాడు. జుట్టు నెరిసి, కళ్ళజోడు వచ్చింది. కాశమ్మ కాళ్ళకు దండం పెట్టి నేల మీదే కూర్చున్నాడు.

"బ్యాండ్ పెట్టి పాతికేళ్ళు కావస్తోందమ్మా. ఒక కలెక్షన్ తెస్తున్నాం. ఆల్బంలలో పెట్టనివి, ఎవరూ విననివి, రిహార్సల్లో పాడినవి, కొన్నిటికి కొత్తగా రీమిక్స్‌లు. అన్నీ ఒకేచోట. ఇస్సాకు పాట లేకుండా అది వేయడం నాకిష్టం లేదు" అన్నాడు.

ప్రేమ్‌రాజ్ తలుపు దగ్గర నిలబడి, "టేపు ఖరాబైంది. ఇయ్యలేను" అన్నాడు.

"ముంబైలో పాత టేపులు బాగుచేసే స్టూడియో ఉంది ప్రేమ్. పూచీ నాది. ముందు అమ్మకి కాపీ ఇచ్చాకే మిగతా పని."

ప్రేమ్‌రాజ్ ఇంకా ఏదో అనబోయాడు. కాశమ్మే లేచి బీరువా తెరిచింది. "ఇయ్యి కొడుకా. నేను సచ్చేలోపట ఒక్కపారి వాడు నవ్వంగ ఇంట" అంది. ఆ మాట మీద ప్రేమ్‌రాజ్ క్యాసెట్ ఇచ్చేశాడు.

ఆర్నెల్లు ఏ కబురూ లేదు. ఫోను చేస్తే "పని నడుస్తోంది" అనేవాడు లక్ష్మీకాంత్. చివరికి ఫంక్షన్‌కు రమ్మని పిలుపొచ్చింది. బంజారాహిల్స్‌లో ఏదో పెద్ద కాఫీ హోటలు. ప్రేమ్‌రాజ్ లీవు పెట్టాడు. కాశమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, మధ్యాహ్నమే తయారై కూర్చుంది. స్వీటీ ఆటో మాట్లాడింది. దారి పొడుగునా ముసలామె ఆ పాట గురించే మాట్లాడింది. రైలు వచ్చినప్పుడు వాడు ఏమన్నాడో మనవరాలికి చెప్పి, "సూడు, నువ్వే ఇంటవు గద" అంది.

హాలు నిండా కుర్రాళ్ళు. ముందు వరసలో కాశమ్మకు సోఫా వేశారు. లక్ష్మీకాంత్ మైకు తీసుకుని ఇస్సాకు గురించి చక్కగానే మాట్లాడాడు. తర్వాత దీపాలు తగ్గించి పాట పెట్టారు.

మొదట మిషను దరువు వచ్చింది, నేల అదిరేటట్టు. దాని మీద ఈలలాంటి శబ్దం. ఆ తర్వాత ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఇస్సాకు గొంతు. "గా... గా... గా... గాజుల... గా... గా..." అంతే. ఆ ముక్కనే తిప్పి తిప్పి కొట్టారు. లైటు పోయిన గల్లీ లేదు, దారి లేదు. నాలుగైదు నిమిషాల పాటలో అతను పూర్తి మాట పలికింది రెండుచోట్లే. కుర్రాళ్ళు లేచి, చేతులు పైకెత్తి, "గా గా గా" అంటూ ఎగరసాగారు.

కాశమ్మ చాలాసేపు తల వంచుకుని చెవి పెట్టి వింది. పాట అయిపోవస్తుండగా ప్రేమ్‌రాజ్ చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఏందిరా ప్రేమూ? వానికి నత్తి ఎప్పుడున్నదిరా?"

స్వీటీ మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంతలో లక్ష్మీకాంత్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాడు. "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. ఆమె అతని మొహం వైపు చూసింది. చుట్టూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్న పిల్లల్ని చూసింది.

"మంచిగున్నది బాబూ" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కాశమ్మ ఒళ్ళో చీరకొంగు మడిచి విప్పుతూ కూర్చుంది.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే ప్రేమ్‌రాజ్ సంతోష్‌నగర్ వెళ్ళాడు. తల్లిదండ్రులు పోయాక లక్ష్మీకాంత్ ఆ ఇంటిని స్టూడియో చేసుకున్నాడు. అతను కాఫీ తెప్పించబోతే ప్రేమ్‌రాజ్ వద్దన్నాడు.

"కాపీ ఇస్త అన్నవు. రీమిక్స్ గాదు, అసల్ది. ఇయ్యి, పోత."

లక్ష్మీకాంత్ లేచి సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో క్యాసెట్ పెట్టె, ముక్కలైన టేపు ఉన్నాయి. "ఒక్కసారే ఆడిందట ప్రేమ్. ఆ తర్వాత తెగిపోయింది. వాళ్ళు చాలా ప్రయత్నించారు."

"ఒక్కపారి ఆడింది గద. అప్పుడు ఎక్కిచ్చుకున్నది ఏది?"

"రీమిక్స్ చేసిన కుర్రాడికి పంపాం, మా దగ్గరా స్టూడియోలోనూ వేరే కాపీ లేదు. వాడు గొంతు వేరు చేసుకుని, కావలసిన ముక్కలు ఉంచుకున్నాడు. మిగతాది డిలీట్ చేశాడట. నేనూ అడిగాను, నిజంగా. దాంట్లో అంతా రొద ప్రేమ్. మధ్యలో రైలు, ఎవరో మాట్లాడటం. క్లీన్ చేయక తప్పలేదు."

"ఎవరో ఏంది? వాడే గద మాట్లాడింది. నవ్విండు గూడ. నువ్వు పక్కన్నే ఉన్నవ్."

లక్ష్మీకాంత్ సొరుగు మూశాడు.

"నేను కొట్టిన డ్రమ్ములు ఏమైనయి?"

"టెంపో నిలకడగా లేదన్నారు."

"వాడు ఆగితే ఆగిన. వాడు ఉరికితే వాని ఎనక ఉరికిన. అట్లనే కొట్టాలె ఆ పాటకు. నీకు ఎరికలేదా?"

లక్ష్మీకాంత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళు అది నీ బీరువాలో ఉంది. ఎవరు విన్నారు చెప్పు? ఇక లక్షలమంది ఇస్సాకుని వింటారు. నాకూ వాడు తమ్ముడే ప్రేమ్."

ఆ చివరి మాటకు ప్రేమ్‌రాజ్‌కు ఒళ్ళు మండిపోయింది. లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. కొట్టడానికి చెయ్యెత్తాడు కూడా. లక్ష్మీకాంత్ అడ్డుకోలేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, ఆ దెబ్బ తింటే లెక్క తీరిపోతుందన్నట్టు. అది చూసి ప్రేమ్‌రాజ్ చెయ్యి దించేశాడు. కవరు తీసుకుని బయటికొచ్చేశాడు.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. రీమిక్స్ ఫోన్లలో పాకిపోయింది. 'గా గా గాజుల' అంటూ పిల్లలు చేతులు తిప్పే వీడియోలు వచ్చాయి. పెళ్ళి బరాతుల్లో డీజేలు పెట్టారు. వినాయక నిమజ్జనానికీ అదే. మొహర్రం సెలవు రోజున ఉప్పుగూడ గల్లీలో ఆటోవాడు ఒకడు సీటు కింద స్పీకరు పెట్టి పొద్దంతా అదే మోగించాడు. డిపోలో తోటివాళ్ళు భుజం తట్టి, "మీ తమ్మునిదంట గదన్నా, మస్తుంది" అన్నారు. ప్రేమ్‌రాజ్ బస్సు కిందికి దూరి పానా తిప్పుతూ ఉండిపోయేవాడు.

ఒక రాత్రి స్వీటీ అడిగింది: "డాడీ, అసలు పాట ఎట్లుంటది? నువ్వు పాడు, నేను రికార్డు జేస్త."

ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. మొదటి వరస వచ్చింది. రెండోది వచ్చింది. ఆ పరుగు మొదలయ్యే చోటుకు వచ్చేసరికి తలలో మిషను దరువు పడింది. ఎంత తోసినా పోలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగిపోయాడు. రెండు దశాబ్దాలుగా పదిలంగా ఉన్న పాట నాలుగు నెలల్లో కొట్టుకుపోయింది. మంచం మీద నుంచి కాశమ్మ, "ఇడిసిపెట్టు బిడ్డా, మీ నాయినను సతాయించకు. వానికి రాదు" అంది.

ఆ తర్వాత ఆమె కొడుకు పాట ఊసెత్తలేదు. చర్చిలో క్వయర్ వైపు కూర్చోవడం మానేసి వెనక బెంచీకి మారింది. ఎవరైనా పాట గురించి పొగిడితే చీరకొంగు సర్దుకుని లేచిపోయేది.

ఈ మధ్య లక్ష్మీకాంత్ మళ్ళీ ఫోను చేశాడు. గొంతులో ఉత్సాహం. కలెక్షన్ బాగా ఆడిందట, రెండో భాగం అడుగుతున్నారట.

"ఇస్సాకువి ఇంకేమైనా ఉన్నాయా ప్రేమ్? చిన్న ముక్కయినా పర్లేదు. ఈసారి ముట్టుకోను, ఉన్నదున్నట్టు వేస్తాను. ఒట్టు."

ప్రేమ్‌రాజ్ బీరువా వైపు చూశాడు. అందులో చీరలూ, రేషన్ కార్డూ తప్ప ఏమీ లేవు.

"ఉన్నయి" అన్నాడు.

"ఉన్నాయా! ఎన్ని?"

"మూడు క్యాసెట్లు. మంచిగ ఆడుతున్నయి. వాడు మాట్లాడింది గూడ ఉన్నది. నీ గురించే చెప్తడు ఒక తాన."

"నా గురించా? ఏమన్నాడు?"

"నీకు మాత్రం ఇయ్య" అని ప్రేమ్‌రాజ్ ఫోను పెట్టేశాడు.

వెంటనే మళ్ళీ మోగింది. తర్వాత మళ్ళీ. ఆ వారమంతా మోగుతూనే ఉంది. ఒకసారి లక్ష్మీకాంత్ గల్లీ దాకా వచ్చి తలుపు తట్టాడు. ప్రేమ్‌రాజ్ లోపలే ఉండి తియ్యలేదు. చేసింది మోసమని అతనికి తెలుసు, దానివల్ల మనసు చల్లబడలేదు కూడా. అయినా నిజం చెప్పే ఉద్దేశం లేదు. బయట చెప్పుల చప్పుడు మెయిన్‌రోడ్డు వైపు వెళ్ళిపోయాక, కాశమ్మ ఎవరొచ్చారని అడిగింది.

"ఎవరు లేరమ్మా. పండుకో" అన్నాడు.