లోపలి నుంచి ఉబ్బిన మూత

పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో నేను వాహనాల విభాగం ఫోర్‌మన్‌గా పనిచేశాను. రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానలు మొదలైన వారంలో, మా అంబులెన్స్ జీపుకు వెనక డిఫరెన్షియల్ మూత మార్చే పని అప్పగించారు. ఈసారి మామూలు రేకు మూత కాదు, మందపాటి పోత ఇనుప మూత. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా కనిపించేదే డిఫరెన్షియల్. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాలు అందులో ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. మూత పగిలితే ఆయిల్ కారిపోతుంది, ఆ పళ్లచక్రాలు అరిగిపోతాయి.

మూడు నెలల్లో ఆ మూత పగలడం అది రెండోసారి. మొదటిసారి కొత్త రేకు మూత వేసి, జాబ్ కార్డులో ‘రాయి తగిలింది, డ్రైవర్ అజాగ్రత్త’ అని రాసింది నేనే. డ్రైవర్ ప్రభుదాసు పక్క ఊరు చిట్కుల్‌లో ఉండేవాడు, కాంట్రాక్టు మనిషి. రెండోసారి పగలగానే మేనేజర్ గారు రెండు పనులు చెప్పారు. పోత మూత బిగించాలి, ప్రభుదాసును తీసేయడానికి నేను రిపోర్టు రాసివ్వాలి. నాకేమీ అభ్యంతరం లేకపోయింది. చిట్కుల్ దారి గుంతల్లో అతను బండి తోలే తీరంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. విప్పిన పాత సామాను ట్రేలో పెట్టి డ్రైవర్‌కు చూపించాలి, కార్డు మీద అతని సంతకం తీసుకున్నాకే కొత్తది బిగించాలి. మొదటిసారి తొందరలో నేనది ఎగ్గొట్టాను. పాత మూత నేరుగా తుక్కులోకి పోయింది. ఈసారి ఒకరి ఉద్యోగం పోయే వ్యవహారం కాబట్టి కాగితం పక్కాగా ఉండాలని అతన్ని పిలిపించాను. నాక్కావలసింది సంతకమే.

కింది బోల్టులు ముందు వదులు చేసి, మిగిలిన ఆయిల్ పళ్లెంలోకి దించి, మూత ఊడదీసి ట్రేలో పెట్టాను. ప్రభుదాసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సార్, రాయి తాకితే సొట్ట లోపటికి పడాలె గదా. గిదేంది, బయటికి ఉబ్బింది?”

చూశాను. పగులు చుట్టూ రేకు బయటికే విచ్చుకుని ఉంది. పైన రాయి గీసుకున్న గుర్తు ఒక్కటీ లేదు.

“వెనకాల కటకట సప్పుడొస్తుందని మీకు రెండుసార్లు జెప్పిన. గుంతల సప్పుడని పంపిన్రు,” అన్నాడు.

నిజమే, అలాగే పంపాను. లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమితే మడ్డిలో విరిగిన బోల్టు తల దొరికింది. పెద్ద పళ్లచక్రాన్ని పట్టి ఉంచే పది బోల్టుల్లో అదొకటి. చక్రం తిప్పుతూ తలలు లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. ఆ ముక్క పళ్లకు చిక్కినప్పుడల్లా మూతను లోపలి నుంచి గుద్దుతోంది. మొదటిసారీ అదే జరిగి ఉండాలి. అప్పుడు నేను అడుగు తుడవలేదు, బోల్టులు లెక్కపెట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చిట్కుల్ దారిని తిట్టి కార్డు మూసేశాను. సిగ్గేసింది. అంతకంటే భయం వేసింది. పోత మూత అంత తేలిగ్గా పగలదు. అలాగే బిగించి ఉంటే ఆ ముక్క పళ్ల మధ్య ఇరుక్కుని, లోపల పేషెంటు ఉండగా హైవే మీద వెనక చక్రాలు పట్టేసేవి.

పది బోల్టులూ కొత్తవి వేసి, లోపలంతా కడిగి, అప్పుడే పోత మూత పెట్టాను. అంచు చుట్టూ సీలెంట్ తెగకుండా పూసి, బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్కటే కొలత రెంచీతో బిగించాను. సీలెంట్ ఆరాక, పక్క రంధ్రం నుంచి బొట్టు కారేదాకా ఆయిల్ పోశాను. రెండు రోజులు పట్టింది.

ట్రే చూసి సంతకం పెడుతూ ప్రభుదాసు ఒక్కటే అడిగాడు.

“ఇగ ఆ పాత కార్డు ఏం జేస్తరు సార్?”

పాత కార్డు తీయించి ‘డ్రైవర్ అజాగ్రత్త’ కొట్టేసి, ‘ఫోర్‌మన్ తనిఖీ చేయలేదు’ అని రాసి సంతకం పెట్టాను. రిపోర్టులోనూ అదే రాశాను. ప్రభుదాసు ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది, నా సర్వీసు మొత్తంలో అదొక్కటే.

పాత మూత ఏ వైపు నుంచి పగిలిందో చూడకుండా కొత్త మూత ఎంత గట్టిది వేసినా, మన తప్పును లోపల పెట్టి బిగించినట్టే.