చిల్లుల అట్టల బేరం

మా క్లబ్బులో సుబ్బారావు పేక కలిపితే ఫర్రుమంటుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నేను మొదలుపెడతాను: "తాడేపల్లిగూడేనికి కంప్యూటర్ రాకుండా అడ్డుపడ్డ మొనగాణ్ణి నేనే!" కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం అంత ధైర్యం చాలడం లేదు. అది కంప్యూటర్ కాదు. అట్టముక్కల మీది చిల్లులు చదివి లెక్కలు కట్టే యంత్రం. అడ్డుపడింది నేను కాదు, మా హెడ్ అకౌంటెంట్ నరసయ్యగారు.

యాభైల నాటి మాట. నాలుగైదు బియ్యం మిల్లుల ఉమ్మడి ఆఫీసులో నేనూ సుబ్బారావూ గుమాస్తాలం. ధాన్యం బిల్లులు, కూలీల జీతాలు కూడికూడి మా వేళ్ళు అరిగేవి. ఆదివారం వస్తే ఏలూరులో అమ్మ దగ్గర వాలేవాణ్ణి. యంత్రం వస్తే దాని పని నేర్చుకోవడానికి నన్ను మద్రాసు పంపుతారని ఆశ. తీసుకోవాలా వద్దా అన్నది నరసయ్యగారికే వదిలేశారు ఆ మిల్లుల యజమాని.

యంత్రం కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చి, అట్టల కట్టను అచ్చం పేకలాగే ఫర్రుమనిపించాడు. నరసయ్యగారు ఒక అట్టను కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి చూశారు.

"యంత్రం అమ్ముతారా అండీ?"

"అమ్మమండి. నెలనెలా అద్దె."

"మరి అట్టలు?"

"అవీ మా దగ్గరే కొనాలండి."

"అద్దె పెరిగి, మేం వద్దనుకున్న రోజున ఈ చిల్లులు ఎవరు చదువుతారండీ?"

అతను నవ్వేశాడు. "మా యంత్రమే చదవాలండి."

నరసయ్యగారు కొల్లేటి లంకలో పుట్టినవారు. "మా నాన్న అద్దె దోనె మీద వేటకెళ్ళేవారండి. చేప ఆ దోనె ఇచ్చినాయనకే అమ్మాలి. ధరా ఆయనే కట్టేవాడు. ఇంకొకరికి అమ్మితే మర్నాడు దోనె ఉండదు" అని, కాఫీ తాగించి పంపారు.

ఆయనకు యంత్రమంటే వెగటు లేదు. వారమంతా ఆ నమూనా అట్టను జేబులో పెట్టుకు తిరిగారు. భోజనాల వేళ తీసి, చిల్లులను వేలితో తడిమేవారు. చివరికి యజమానితో వద్దనే చెప్పారు.

ఈనాటికీ ఏదైనా అద్దెకో చందాకో తీసుకునే ముందు, వదిలేసే రోజున నా చేతిలో ఏం మిగులుతుందని అడుగుతాను. మొన్న ఫోన్ల దుకాణంలో అడిగితే మా మనవడు సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయాడు. ఈ ప్రశ్న నాకిచ్చి, నా మద్రాసును లాక్కున్నారు నరసయ్యగారు.

ఇదంతా నిన్న క్లబ్బులో సుబ్బారావుకు చదివి వినిపించాను. అతను పేక పంచడం ఆపలేదు.

"ఆయన లాక్కున్నారట్రా? యంత్రం అద్దెదైనా విద్య సొంతమే కదా అని, యజమానిని ఒప్పించి నిన్ను మద్రాసు పంపిందే ఆయన. గూడెంలో రైలెక్కించింది నేను. ఏలూరు రాగానే అమ్మ గుర్తొచ్చి దిగిపోయింది నువ్వు. ముక్క వెయ్యి."