వరండాలో వ్యాపారం

భిలాయిలో ఇంటి పన్ను మొదట మనకు మనమే వేసుకోవాలి. ఎంత కట్టుబడి, ఏ జోను, స్లాబా రేకులా, ఉండడానికా వ్యాపారానికా అని ఫారంలో రాసి, లెక్క చూసి కట్టేస్తే మర్యాదస్తులం. ఆ తర్వాత మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఒక మనిషిని పంపి మనం రాసింది అబద్ధమని తేల్చుకుంటారు. ముప్పై ఏళ్ళు ఉక్కు ప్లాంటు క్వార్టర్లో ఉండి, రిటైరయ్యాక సొంతిల్లు కట్టుకున్న నాకు ఇదంతా కొత్త. క్వార్టర్లో కప్పు కారితే కంప్లయింటు రాసేవాళ్ళం. ఎవరూ వచ్చేవారు కాదనుకోండి, కానీ పన్నుకీ ఎవరూ వచ్చేవారు కాదు.

జనం ఇంట్లో దొరుకుతారని కాబోలు, సర్వే మనిషి ఆదివారం పొద్దున వచ్చాడు. వరండాలో మా ఆవిడ పది పన్నెండుమంది పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది. అందరూ ప్లాంటువాళ్ళ మనవలే. విజయనగరంలో ఉన్న ముత్తవ్వతో ఫోన్లో హిందీ మాట్లాడి ఆవిణ్ణి ఏడిపించే రకం. ఫీజు లేదు. అతను గోడ మీది నల్లబల్లనీ, మెట్ల దగ్గరి చెప్పులనీ చూసి, వరండాకు టేపు వేసి కొలుచుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. మా వరండా కోచింగ్ సెంటరట. నేను ఆ సంగతి దాచానట. పన్ను తేడా, ఆ పైన జరిమానా. అభ్యంతరం ఉంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపాలి.

తెలిపాను. గుమాస్తా నన్ను అంకుల్‌జీ అని గౌరవించి, ఫీజు తీసుకోవడం లేదనడానికి రసీదులు తెమ్మన్నాడు. తీసుకోని డబ్బుకి రసీదు ఎలా ఉంటుందని అడిగాను. మీ కేసులో బలహీనత అదేనన్నాడు. చివరికి, ఒక అధికారి స్వయంగా వచ్చి చూస్తారని చెప్పి తారీఖు రాసిచ్చాడు. అదీ ఆదివారమే.

మా ఆవిడ ఒక్కటే అంది. "పన్నెంతైనా ఏడవనీండి. క్లాసు మాత్రం ఆగడానికి లేదు."

ప్లాంటులో పెద్ద అధికారి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే ఏం చేస్తారో అక్కడ పనిచేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తుక్కు టార్పాలిన్ కిందికి, రాళ్ళకి సున్నం, నడవని మిషను పక్కన నడిపిస్తున్నట్టు ఒక మనిషి. ఈ విద్యలో నాకు కొద్దిగా పేరుండేది. ఆ ఆదివారం పిల్లల్ని రావద్దన్నాను. మా ఆవిడ వద్దంటున్నా నల్లబల్ల పీకి బీరువా వెనక పెట్టాను. వరండాలో మడతమంచం వేసి, దండెం కట్టి, నా బనీన్లన్నీ ఆరేశాను. అంత సంసారపక్షంగా ఉన్న వరండా మా దుర్గ్ జిల్లా మొత్తం మీద ఉండి ఉండదు.

అధికారి బనీన్లు తప్పించుకుంటూ లోపలికి వచ్చి, "పిల్లలేరీ?" అని అడిగారు. వాళ్ళనే రెండు ముక్కలు అడిగి, ఉచితమని రాసేద్దామని సెలవు రోజు పనిగట్టుకుని వచ్చారట. ఇవాళ రాలేదన్నాను. ఆయన గోడవైపు చూశారు. ఎండకు వెలిసిపోయిన గోడ మీద, బల్ల ఉన్నంత మేర మాత్రం, రంగు నిన్న వేసినట్టు పచ్చగా ఉంది. ఆయన ఏదో రాసుకున్నారు. టీ వద్దన్నారు.

బోర్డు తీసేసి సాక్ష్యం దాచే ప్రయత్నం చేశానని ఆర్డరులో రాశారు. కాబట్టి గడిచిన కాలానికి అది వ్యాపారమే. ఇకపై అక్కడ ఏమీ జరగకపోతే నివాసం. ఇందులో నాకు బాగా అసహ్యం వేసిన సంగతేమిటంటే, మొదటి వాక్యం నిజం.

అప్పీలు ఉందన్నాను మా ఆవిడతో. అది తేలేదాకా తలుపేసుకుని లోపలి గదిలో పాఠాలు చెప్పుకోమన్నాను.

"తలుపేసుకుని అక్షరాలు దిద్దించడానికి నేనేటి సారా కాస్తన్నానా?" అంది. "అయినా అప్పీల్లో ఏటని రాస్తారండీ? పిల్లల్ని మీరే దాసేసినారు గదా."

కొత్త ఏడాది ఫారం నా చేతిలోంచి తీసుకుని, ఇంటి ఉపయోగం అన్న గడిలో, వరండాకి ఎదురుగా వ్యాపారం అని తనే రాసింది. ఏమీ అమ్మని వ్యాపారం. ఆ తర్వాతి ఆదివారం పిల్లలంతా వచ్చారు.

ఫారం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. గుమాస్తా ఆ గడి చూసి నిజంగానే సంతోషించాడు. "మొదటే ఇలా నిజం రాసుంటే ఇంత తిరుగుడు ఉండేదా, అంకుల్‌జీ?" అని ముద్ర కొట్టాడు. నేను థాంక్యూ కూడా చెప్పాను. మెట్ల దగ్గరికి వచ్చాక ఉమ్మేయాలనిపించింది. ఎదురుగోడ మీద, ఇక్కడ ఉమ్మితే జరిమానా అని రాసి ఉంది. ఇంకో అభ్యంతరం రాసే ఓపిక లేక మింగేశాను.