నిన్నటి పుల్లనీళ్ళు

మా మామా చైనాలో ఏదో రేవు పట్టణం చూసొచ్చింది. మామా అంటే పిల్లనిచ్చిన మామ కాదు, కువైట్‌లో, మిష్రిఫ్‌లో నేను వంట చేసే ఇంటావిడ. వచ్చిన దగ్గర్నుంచీ తిండి కబుర్లే. చేపల బుట్టలు దించే సందులో ఒక ముసలాయన హోటలుందట. తింటే అక్కడే తినాలట, ఎండెక్కితే ఖాళీ అట. రొయ్యల పులుసులో ఆయన స్వయంగా చేసిన టోఫు, అంటే సోయాపాల పన్నీరు, వేస్తాడట. వీడియో చూపించి, శుక్రవారం తన చెల్లెలు భోజనానికొస్తుంది, అదే చెయ్యమంది. కొన్న టోఫు రబ్బరులా ఉంటుంది, వద్దంది.

ఫిలిప్పీన్ వంటమనిషిని పెట్టుకోమని ఆ చెల్లెలు ఎప్పటినుంచో పోరుతోంది. నేనేమో కార్లు కడగడంతో మొదలై వంటింటిదాకా ఎదిగినవాణ్ణి. టోఫు చెడితే మళ్ళీ బకెట్టే.

వీడియోలో ముసలాయన సోయాపాలలో, నిన్నటి టోఫులోంచి కారిన పుల్లనీళ్ళు పోస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మన తోడే కదా, కడపవాడికి నేర్పాలా? బుధవారం సోయా గింజలు రుబ్బి, పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, గరిటెడు పెరుగు కలిపి, గుడ్డ కప్పి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారి చూస్తే గిన్నెనిండా పెరుగు. గరిటె పెడితే జారిపోతోంది, నా ఉద్యోగంలాగే.

ఆ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే గోదావరి అక్క గిన్నెలోకి తొంగిచూసింది.

"మరిగే పాలల్లో పుల్లటిది పోత్తే ఏవవుద్ది తమ్ముడూ?"

"ఇరిగిపోతాయి గదక్కా."

"మరి ఆ ముసలాయన పాలమీంచి పొగలొత్తన్నాయి. సూళ్ళేదా?"

చూడలేదు. నా చూపంతా ఆయన గరిటె మీదే.

పెరుగును గుడ్డలో వేలాడగట్టి, కారిన పుల్లనీళ్ళు దాచాను. శుక్రవారం పొద్దున కొత్త పాలు పొగలు కక్కుతుండగా ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను. ముద్దముద్దగా విరిగాయి. గుడ్డలో మూటగట్టి, మీద బరువుకి బియ్యం డబ్బా పెట్టాను. పులుసు కాగుతున్నంతసేపూ, వీడియోలో లేని చింతపండు వైపు పోయే చేతిని ఆపడం టోఫుకన్నా కష్టమైంది.

చెల్లెలు రెండోసారి వడ్డించుకుంది. మామా మాత్రం అక్కడిలా లేదంది. నా చెవుల్లో బకెట్టు గణగణలాడింది.

గిన్నెలన్నీ కడిగాక మామా వంటింట్లోకి వచ్చింది.

"ఆ పుల్లనీళ్ళు మిగిలాయా?"

"ఈసారివి శానా ఉండాయి మామా."

"పారబోయకు. వచ్చే శుక్రవారం ఇంకొంచెం గట్టిగా చెయ్యి."

సీసాలో పోసి మూత బిగించి, ఫ్రిజ్‌లో నా మజ్జిగ పక్కన పెట్టాను. కిటికీలోంచి చూస్తే, కార్ల దగ్గర బకెట్టు బోర్లా పడి ఉంది. అలాగే ఉండనిచ్చాను.