వేలెడంత కెమెరా

విజయనగరం గంటస్తంభం దగ్గర ఎల్లాజీది బారెడు వెడల్పు కొట్టు. గడియారాలు బాగుచేయడంలో ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా. కంటికి భూతద్దం బిగించాడంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడు. భార్య పోయింది, పిల్లల్లేరు. తనదనుకునే మనిషి చెల్లెలు చిన్నతల్లి ఒక్కతే. ఆమె మొగుడు నూకయ్య రామతీర్థం అవతల పల్లెలో, నరసింగరావు పొలాల్లో కూలి.

1968 వేసవిలో ఆ నరసింగరావే కొట్టుకొచ్చి, జేబులోంచి వేలెడంత వెండిరంగు వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏటనుకుంటన్నావురా? కెమెరా. విశాపట్నం రేవులో ఓడ సరంగు దగ్గర కొన్నాను. యుద్ధం నాటిది. నొక్కితే పలకదు."

రెండు కొసలూ పట్టి లాగితే తెరుచుకుంది. అంత చిన్న పెట్టెలో అన్ని చక్రాలు ఎవరు అమర్చారో అని ఎల్లాజీకి ఒళ్లు పులకరించింది.

"వదిలేసి ఎల్లండి బాబూ. నేను సూస్తాను."

పదకొండు రోజులు పట్టింది. లోపలి నూనె జిగురుకట్టి షటర్ రేకులు అతుక్కుపోయాయి. పెట్రోలులో ముంచిన కోడి ఈకతో కడిగాడు. వెంట్రుకలాంటి స్ప్రింగొకటి తెగి ఉంది. ఆడవాళ్ల చేతిగడియారం స్ప్రింగు తుంచి, వంచి, ఏడోసారికి కుదిర్చాడు. టిక్కుమంది. ఆ పూట అన్నం మాట మరిచి ఆ టిక్కే వింటూ కూర్చున్నాడు.

నెల తిరిగాక ఓ పొద్దున నరసింగరావు వచ్చి నాలుగు ఫొటోలు పరిచాడు. తెలిసిన స్టూడియోలో పెద్ద ఫిలిం సన్నగా కోయించి వేసుకున్నాడట. ఎల్లాజీ భూతద్దం పెట్టుకున్నాడు. తాటితోపు, కూర్చున్న మనుషులు.

"మొహాలు సూడండి బాబూ, ఎంత తేటగా పడ్డాయో!" అని మురిసిపోయాడు. ఆ తర్వాతే, మధ్యలో చెయ్యెత్తి మాట్లాడుతున్న మనిషిని గుర్తుపట్టాడు. నూకయ్య.

"ఈళ్ల ఫొటోలు మీకెందుకు బాబూ?"

"కూలి పెంచమని కూడబలుక్కుంటన్నారు. మా పాలేరు గుప్పిట్లో పెట్టుకుని తీసినాడు. ఎవుడెవుడో తెలవాలి గదా?" నరసింగరావు నవ్వి అతని భుజం తట్టాడు. "నీ సెయ్యి బంగారంరా."

ఎల్లాజీ ఆ క్షణమే బయల్దేరవలసింది. బల్ల మీద వకీలుగారి గడియారం విప్పి ఉంది. అది ముగించి రేపు పొద్దున్నే వెళ్దాం అనుకున్నాడు. నరసింగరావు పెద్దమనిషి, బెదిరించి వదిలేస్తాడులే అని తనకు తనే చెప్పుకున్నాడు.

మర్నాడు వెళ్లేసరికి నూకయ్య అరుగు మీద పడి ఉన్నాడు. రాత్రి కుడిచేతి మీద రోకలితో కొట్టారు. మోచేతి కింద ఎముక ఎటు తిరిగిందో తెలియడం లేదు.

"ఎత్తిన సెయ్యి ఇదేనా అని అడిగి మరీ కొట్టినారు, అన్నియ్యా," అంది చిన్నతల్లి. "కళ్లారా సూసినట్టు సెప్పినారు. ఎవుడు సెప్పుంటాడు?"

"ఏమో," అన్నాడు ఎల్లాజీ.

కెమెరా గుట్టు, అది బాగైన కొట్టు సంగతి పాలేరు నోట దాగలేదు. వారం తిరక్కుండానే చిన్నతల్లి నడిచొచ్చి కొట్టు ముందు నిలబడింది.

"ఆ ఫొటో నువ్వు ముందే సూసినావా?"

"సూసినాను."

"ఎప్పుడు?"

"కొట్టిన రోజే. పొద్దున."

ఆమె ఏడవలేదు. అతని వేళ్లకేసి చూసింది. "నీ సెయ్యి బాగున్నాది," అని వెళ్లిపోయింది.

వానల్లో కెమెరా మళ్లీ వచ్చింది. చెమ్మకు బిగుసుకుపోయిందట. స్ప్రింగు విరిచేసి ఇక కుదరదని చెప్పేద్దామని, తలుపు మూసుకుని విప్పాడు. పట్టకారు చేతిలోనే ఉంది. తను చేసిన స్ప్రింగు చెక్కుచెదరలేదు. ఒక రేకు అంచున ఆవగింజంత తుప్పు. గీకితే చాలు. గీకాడు. సాయంత్రం నరసింగరావు మనిషి వచ్చి పట్టుకుపోయాడు.

ఆ కోతల్లో మరో మూడు కుటుంబాలను పల్లెలోంచి తరిమేశారు. నూకయ్య చెయ్యి ఎండుకర్రయింది. చిన్నతల్లి మొగుణ్ణి తీసుకుని నెల్లిమర్ల చేరి గోనెసంచులు కుట్టే పనిలో కుదిరింది.

ఎల్లాజీ రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసింది. లోపల నూకయ్య ఎడంచేత్తో గంజి తాగుతున్నాడు.

"ఎవులే?" అని అడిగాడు.

"ఎవులూ కాదు. గడియారాలు బాగుసేసీవోడు," అని చిన్నతల్లి తలుపు వేసింది.