వాలు మీద నిలబడిన జీపు

అప్పట్లో మా భావనపాడులో బండి అంటే కదిలేది అని మాత్రమే అందరికీ తెలుసు. ఆగడం బండి పని కాదు, ఎక్కినవాళ్ళ పని. ఎడ్లబండి అయితే ఎడ్లకి చెబితే ఆగుతుంది. సైకిలైతే కాళ్ళు నేలకి ఆన్చితే ఆగుతుంది. బస్సు సంగతి డ్రైవరు చూసుకుంటాడు. ఆపిన బండి ఆపినచోటే ఉండాలనీ, అందుకు వేరే ఏర్పాటు కావాలనీ మా ఊళ్ళో మొదట ఆలోచించిన మనిషిని నేనే. (గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటున్నారా? చెప్పుకుంటున్నాను. ఈ వయసులో నా గురించి ఇంకెవరు చెబుతారు?) నాకప్పుడు మీసం వచ్చీ రాని వయసు. విజయనగరంలో ఒక లారీ షెడ్డులో కొన్నాళ్ళు నట్లు విప్పి, ఇంకొన్నాళ్ళు అవే నట్లు బిగించి, నాకు తెలియని ఇంజను భూమ్మీద లేదన్న నమ్మకంతో ఇంటికొచ్చాను. చేపలు పట్టే ఇంట్లో పుట్టానన్న మాటేగానీ, పడవెక్కితే చాలు, ఒడ్డు ఇంకా కనబడుతుండగానే కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చేసేవాణ్ణి. అంచేత నాకు బతుకుతెరువు అంటే స్టీరింగు పట్టడం, లేదంటే మా అత్త ఎండబెట్టిన చేపల దగ్గర కర్ర పట్టుకుని కాకుల్ని తోలడం.

మా మావ, అంటే అమ్మకి అన్న, ఆ రోజుల్లోనే ఒక సరదా చేశాడు. మిలటరీ వేలంలో పాత జీపు కొనుక్కొచ్చాడు. దాని వెనక భాగం కోయించి, పడవలు చేసే వడ్రంగి చేత పొడుగాటి చెక్క తొట్టి కట్టించాడు. ఇసుకలో దిగబడకుండా లావు టైర్లు వేయించాడు. ముందునుంచి చూస్తే మిలటరీ, వెనకనుంచి చూస్తే నాటుపడవ. నాలుగు చక్రాలూ లాగే బండి కదా, ఇసుక దిబ్బలు దాటుకుని చేపల గంపలతో రైలు వేళకి కోటబొమ్మాళి స్టేషనుకి పోతుందని ఆయన ఆశ. అయితే సరదా మావది, వ్యాపారం అత్తది. మావైపు చేపలు పట్టేది మగవాళ్ళే అయినా వాటిని అమ్మి ఇల్లు నడిపేది ఆడవాళ్ళు. రేవునుంచి గంపలు మోసుకొచ్చే ఆడవాళ్ళందరికీ మా అత్తే పెద్ద. ఆవిడ ఊ అంటే జీపు ఉంటుంది, ఉహూ అంటే పోతుంది.

జీపులో ఒక చిక్కు ఉండేది. బ్యాటరీలో ప్రాణం లేదు. దిబ్బ మీంచి రేవుకి దిగే దారి ఒకటుంది, గ్రావెల్ పోసి గట్టి చేసినది. ఆ వాలు మీద నిలిపి, దొర్లించి, గేరులో వేస్తేనే ఇంజను లేచేది. మరి వాలు మీద నిలుపుదామంటే హ్యాండ్ బ్రేకు పట్టదు. డ్యాష్‌బోర్డు కింద ఒక పిడి ఉండేది, లాగితే పాపం ఎంతదూరమైనా వచ్చేది. చదును మీద పెడితే బండి బయల్దేరదు, వాలు మీద పెడితే మనం ఎక్కకుండానే బయల్దేరుతుంది. కొన్నాళ్ళు జీపెక్కిన ప్రతివాడి ఒళ్ళో ఒక రాయి పెట్టి కూర్చోబెట్టాం, ఆగగానే దూకి చక్రం కింద పెట్టాలని. (టెక్కలినుంచి వచ్చిన చేపల షావుకారు కూడా తెల్లపంచె మీద రాయి పెట్టుకునే కూర్చున్నాడు.)

అసలు గొడవ జీపుకి పూజ చేసిన రోజున వచ్చింది. వాలు మీద జీపు నిలిపి, బొట్లు పెట్టి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం వేసి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముహూర్తానికి అవి తొక్కుకుంటూ బండి బయల్దేరాలి. అమ్మోరి గుడి పూజారి కొబ్బరికాయ ఎత్తాడో లేదో, జీపు తనంతట తానే రాళ్ళని తోసేసి, నిమ్మకాయల్ని నలిపేసి, డప్పులవాళ్ళని చెదరగొట్టి, రేవువైపు సాగిపోయింది. ఎదురుగా గంపలెత్తుకుని వస్తున్న ఆడవాళ్ళు చేపలూ గంపలూ వదిలేసి పక్కకి దూకారు. తడి ఇసుకలో దిగబడి జీపు ఆగింది. అల వచ్చి దానికి స్నానం చేయించింది.

ఆ సాయంత్రం అత్త పెరట్లో నిలబడి తీర్పు చెప్పింది. "మంతరం కాకముందే నిమ్మకాయలు తొక్కేసినాది. అది మన మాట ఇనే బండి కాదు. గంపలోళ్ళ మీదికి పోయుంటే ఏటి సేద్దుము? ఆళ్ళ పిల్లలకి నానేటి సెప్పాల?"

మావ నెమ్మదిగా, "మిలటరీ బండి కదే, కూసింత దూకుడుంటాది," అన్నాడు.

"అలగయితే యుద్దానికి పంపీ. నా రేవులో వద్దు. పాత ఇనుమోడొస్తే ఇచ్చీస్తాను."

కాకులు కళ్ళముందు తిరిగాయి. కానీ నోరు నాది కాబట్టి ఊరుకోలేదు. "అత్తా, వచ్చే శనివారం దాకా ఆగు. ఊరంతా కలిసి తోసినా కదలకుండా నిలబెడతాను. నిలబడకపోతే నువ్వన్నట్టే ఇచ్చీ," అన్నాను. అత్త నన్ను కిందనుంచి పైకి చూసింది. "నిలబడితే మళ్ళీ పూజ సేయిస్తాను. నేదంటే ఎండుసేపల కాడ కర్రుంది, సూసుకున్నావా?" అంది. చూసుకోకుండా ఎలా ఉంటాను!

మర్నాడు నేనూ బావా జీపు కిందకి దూరాం. బావ అంటే మావ కొడుకు, నాకంటే పెద్దవాడు. నలుగురు లాగే లంగరు తాడు ఒక్కడే లాగేవాడు. వాడికి బలం ఎక్కువ, సందేహాలు తక్కువ, అందుకే మాకు పొత్తు బాగా కుదిరింది. ఆ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల్ని పట్టుకోదు. గేరుపెట్టె వెనక, చక్రాలకి పోయే షాఫ్టు మీద ఒక డ్రమ్ము ఉంటుంది, దాని చుట్టూ ఒక పట్టీ. పిడి లాగితే పట్టీ బిగిసి డ్రమ్మును పట్టుకోవాలి. మా జీపులో సీలు అరిగిపోయి గేరాయిలు బొట్టుబొట్టుగా సరిగ్గా ఆ డ్రమ్ము మీదే పడుతోంది. నూనె రాసుకున్న పట్టీ దేన్ని పట్టుకుంటుంది? పైగా ఉప్పుగాలికి కేబులు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. విశాఖపట్నం నుంచి కొత్త సీలు తెప్పించి వేశాను. డ్రమ్ము కిరసనాయిలుతో కడిగాను. పట్టీకి కొత్త లైనింగు రివెట్లు కొట్టి బిగించాను. కేబులు పీకి పారేసి దాని బదులు ఇనప రాడ్డు పెట్టాను. పిడి తీసేసి, లారీ తుక్కులోంచి తెచ్చిన పొడుగాటి లివరు సీటు పక్కన నిలబెట్టాను. లివరు పక్కనే వరసగా కన్నాలున్న రేకు. లాగినంత లాగి, కన్నంలో పిన్ను దించితే లివరు వెనక్కి పోదు. ఇదంతా నా బుర్రలోంచి ఊడిపడిందే.

పరీక్షకి కూడా నిమ్మకాయలే వాడాం. కన్ను మోసం చేస్తుందిగానీ నిమ్మకాయ చేయదు. బండి వేలెడు జరిగినా అది చెప్పేస్తుంది. మొదట్లో చాలానే చెప్పాయి. (నలిగినవాటితో బావ షర్బత్తు కలుపుకుని తాగేవాడు. ఊరగాయకి దాచిన కాయలేవని అత్త అడిగితే ఇద్దరం సముద్రంవైపు చూశాం.) చివరికి బావ ఒక ఇనప పైపు తెచ్చి లివరుకి తొడిగి, దాన్ని పట్టుకుని ఒళ్ళంతా వేసి లాగాడు. పిన్ను దించాను. తొట్టినిండా ఇసుక బస్తాలు వేసినా నిమ్మకాయ చెక్కుచెదరలేదు. ఆ రాత్రి నేను రెండు కంచాల అన్నం తిన్నాను.

శనివారం ఊరు ఊరంతా దిబ్బ మీదే ఉంది. జీపు వాలు మీద, మూతి రేవువైపు. బావ పైపు తొడిగి, నలుగురూ చూస్తున్నారన్న హుషారులో మామూలుకంటే గట్టిగా లాగాడు. పిన్ను దిగింది. డప్పులు మోగాయి, కర్పూరం వెలిగింది, పూజ నింపాదిగా సాగింది, జీపు మాత్రం అంగుళం కదల్లేదు. నేను చొక్కా కాలరు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. "కానీయ్‌రా, ముహూర్తం!" అని పూజారి కేకేశాడు. నేను పిన్ను లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను, రాలేదు. లివరు బరువంతా దానిమీదే ఉంది. లివరును మళ్ళీ పైపు వేసి ఇంకాస్త లాగితేనేగానీ పిన్ను వదలదు. పైపు కోసం చూస్తే పైపు లేదు. (బిగించడానికి అంత బుర్ర వాడినవాణ్ణి, విప్పడం గురించి అసలు ఆలోచించలేదు.)

"ఏటిరా, ఎల్లదేటి?" అన్నాడు మావ. "నిలబడుతోంది మావా," అన్నాను గంభీరంగా. ఇంకేం చెప్పను? మావ సైగ చేస్తే కుర్రకారు వచ్చి వెనకనుంచి తోశారు. తొట్టి కిర్రుమంది, బండి కదల్లేదు. ఇంకొందరు వచ్చారు, పంచెలు ఎగ్గట్టి ముసలాళ్ళూ వచ్చారు. కదల్లేదు. పూజారి వేళ్ళు లెక్కపెట్టి, ముహూర్తం ఇంకాసేపు ఉందని తనంతట తానే పొడిగించాడు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, అత్త ముందుకొచ్చి వంగి నిమ్మకాయలు చూసింది. వేలితో తట్టింది. ఊరంతా చెమటలు కక్కుతున్నా అవి పచ్చగా, గుండ్రంగా అలాగే ఉన్నాయి. ఆవిడ మొహం విచ్చుకుంది. "ఓలమ్మో! ఊరంతా తోసినా కదల్నేదు! గుంటడు అన్నంత పనీ సేసినాడే!" అంది. అంటూ అంటూనే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పుట్టాక మొదటిసారి జీపెక్కి నా పక్కన కూర్చుంది. కదలని బండి కదా, భయమెందుకు?

సరిగ్గా అప్పుడే బావ పైపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. భోజనాల దగ్గర అన్నం గుండిగ మోయడానికి వంటవాళ్ళు పట్టుకుపోయారట, పైపుకి మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. లివరుకి తొడిగి ఒక్క లాగు లాగాడు. పిన్ను ఊడొచ్చింది. జీపు నిమ్మకాయల్ని చితక్కొట్టి వాలు పట్టింది, అత్త "ఓరి నాయనో!" అని నా చొక్కా పట్టుకుంది, నేను గేరు వేశాను, ఇంజను ఒక్కసారి దగ్గి లేచింది. వెనక డప్పులు, ఈలలు. రేవు దగ్గర మలుపు తిప్పి తీసుకొస్తే మొదటి గంపలు ఎక్కించారు. కోటబొమ్మాళి దాకా అత్త నా చొక్కా వదల్లేదు. స్టేషన్లో మాత్రం నలుగురూ చూసేలా దొరసానిలా దిగింది.

తిరిగొచ్చి జీపును మళ్ళీ ఆ వాలు మీదే నిలిపి ఇంజను ఆపాను. మధ్యాహ్నం పడవల చేపలు ఒడ్డున కుప్పలుగా ఉన్నాయి. ఈసారి పైపు వేయలేదు. పొద్దుట జరిగిన అవమానం చాలని, ఉత్త చేత్తోనే లివరు లాగి పిన్ను దించాను. చేత్తో లాగింది సరిపోతుందో లేదో నేనెప్పుడూ పరీక్షించి చూడలేదు. ఆ సంగతి అత్తకి చెబుదామని నోరు తెరిచేలోపే ఆవిడ దిగి, నేరుగా బండి ముందుకెళ్ళి, వాలుకి కిందివైపున, బంపరుకి మూరెడు దూరంలో జీపుకి వీపు పెట్టి నిలబడింది. రేవులోంచి గంపలతో వస్తున్న ఆడవాళ్ళు జీపును చూసి దూరంగా ఆగిపోయారు. "ఏటలగ నిలబడిపోనారు? ఇలగే వచ్చీయండే, బండి ముందునుంచే వచ్చీయండి. మా వోడు కట్టిన బిరేకది!" అని కేకేసింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, ఒకరి వెనక ఒకరు, తలమీద గంపలతో జీపు ముందునుంచే నడిచారు.

నా జీవితంలో ఆ తర్వాత ఎన్నో బండ్లు నడిపాను, ఎన్నో విప్పి బిగించాను, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ అత్త వీపు చూసినప్పుడు కలిగిన గర్వం మళ్ళీ కలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే స్టీరింగు ముందు కూర్చున్న ఆ కుర్రాడే కనిపిస్తాడు. మొహాన గ్రీజు, చిరిగిన చొక్కా. ఆఖరి గంప ఎక్కేదాకా రెండు చేతులతో లివరు బిగించి పట్టుకుని, కాలు ఫుట్ బ్రేకు మీద తొక్కిపెట్టి, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఈల వేస్తూ కూర్చున్నాడు. "వదిలీరా గుంటడా, అది నిలబడతాది" అని వాడి చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వదిలేవాడు కాడు.