నన్ను గుడివాడ దాటించిన సెంచరీ

జీవితంలో నేను తీసిన పరుగులన్నీ రైళ్ళ కోసమే. ఆ ఆదివారం కూడా ఒంటిగంటకు పది నిమిషాలుందనగా బెజవాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి, కదిలిపోతున్న బందరు పాసింజరు పట్టుకున్నాను. వికెట్ల మధ్య ఇలా పరిగెత్తి ఉంటే కాలేజీ జట్టులో మూడేళ్ళూ పన్నెండోవాడిగా మిగిలిపోయేవాణ్ణి కాదు.

టికెట్టు గుడివాడకే తీశాను. సాయంత్రం ఐదింటికి మా బావమరిది కొడుకు బారసాల. పిల్లాడికి కట్టాల్సిన వెండి మొలతాడు నా సంచీలో ఉంది. నాలుగు రోజుల ముందే పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ రెండు ఆజ్ఞలు ఇచ్చి వెళ్ళింది.

"వేళకి రండి. వచ్చాక పిల్లాణ్ణి చూసి నోటికొచ్చినట్టు పొగడకండి."

కిందటేడు మా మరదలి పాపని ఎత్తుకుని "ఎంత బొద్దుగా ఉందో!" అన్నాను. ఆ రాత్రే పాపకి జ్వరం. అప్పటినుంచీ అత్తవారింట్లో నా నోటికి చెడ్డ పేరు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. మధ్యాహ్నపు బండిలో ఎడమవైపు కూర్చోండి, నీడ. నేను కూర్చున్న చోట నీడతో పాటు ట్రాన్సిస్టర్ కూడా ఉంది. అది డేవిడ్ మాస్టారిది. పెడన దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారట. ఏరియల్ కిటికీలోంచి బయటపెట్టి, టెస్టుమ్యాచ్ ఇంగ్లీషు కామెంటరీ వింటూ, పెట్టె అంతటికీ తెలుగులో చెబుతున్నారు. ఆయన పక్కన పెడన ముసలమ్మ ఒకావిడ, కాళ్ళ దగ్గర ఎండుమిరపకాయల బుట్ట పెట్టుకుని కూర్చుంది.

బ్యాటింగ్ చేస్తున్నది మన ఓపెనర్. పేరు రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. నేనెక్కేసరికి అరవై ఒకటి మీద ఉన్నాడు.

"ఓపిక ఉన్నవాడే ఓపెనరండీ. ఇలాంటివాడు మళ్ళీ పుట్టడు!" అన్నాను కూర్చుంటూనే.

అనడమే తడవు, స్లిప్పులో క్యాచ్ లేచింది. ఫీల్డరు వదిలేశాడు కాబట్టి సరిపోయింది.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "పుట్టకపోతేనే మంచిది. ఒట్టి జిడ్డు. అసలు బౌలింగంటూ ఉంటే వీడు నిలబడగలడా?"

వెంటనే ఫోరు. కవర్స్ మీదుగా.

నిడమానూరు నుంచి ఉప్పులూరు దాకా ఇదే వరస. నేను ఫుట్‌వర్క్ అంటాను, ఆయన పేకమేడ అంటారు. నేను టెక్నిక్ అంటాను, ఆయన తుక్కు అంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేనుగట్ల మీద కొంగలు కూడా నా పక్షమే అనుకున్నాను. ఉప్పులూరులో టీ కోసం లేచి నిలబడ్డానో లేదో, ఎల్బీ అప్పీలు!

"కూర్చోవయ్యా!" అని పెట్టెలో పదిమంది ఒక్కసారి అరిచారు. అంపైరు తల అడ్డంగా ఊపాడు. నేను నిలువునా కూలబడ్డాను. ఆ తరవాత నన్నెవరూ లేవనివ్వలేదు.

దోసపాడు దాటాక ముసలమ్మ అడిగింది. "ఆ ఆడే పిల్లాడు మీవాడా మాస్టారూ?"

"మావాడేనమ్మా."

"మరైతే ఈ బాబు అంతలా పొగుడుతుంటే ఊరుకుంటారేం? దిష్టి తగలదూ?"

మాస్టారు గొంతు తగ్గించారు. "అందుకేగా నేను పొద్దుటినుంచీ తిడుతున్నది!"

"మీలో దిష్టి ఉంటుందా మాస్టారూ?"

"మా సంఘంలో లేదండీ. క్రికెట్లో ఉంది."

రెండున్నరకి గుడివాడ వచ్చింది. స్కోరు తొంభై నాలుగు. సంచీ భుజాన వేసుకున్నాను. మాస్టారు నా మోకాలి మీద చెయ్యి వేశారు, వేశారంటే పట్టుకున్నారు.

"ఎక్కడికండీ?"

"బారసాలండీ. మొలతాడు నా దగ్గరే ఉంది."

"మీరు లేచారంటే అక్కడ వికెట్టు లేస్తుంది. తరవాత మీ ఇష్టం."

ప్లాట్‌ఫారం మీద బావమరిది పంపిన మనిషి నా పేరు పెట్టి కేకేస్తున్నాడు. ఒకవైపు మేనల్లుడి మొల, ఇంకోవైపు దేశం పరువు. ఇంజను కూత వేసింది. నేను కదల్లేదు, బండి కదిలింది.

నూజెళ్ళ దగ్గర తొంభై తొమ్మిది. అప్పుడే టీ విరామం! ఇరవై నిమిషాలు వాళ్ళక్కడ హాయిగా టీ తాగారు. మేమిక్కడ ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళకి తగులుతున్నా సర్దుకోకుండా, విగ్రహాల్లా కూర్చున్నాం. ఆట మొదలయ్యాక మూడు ఓవర్లు మెయిడెన్లు. మాస్టారి తిట్లు అయిపోయాయి.

"ఇక మీరే అనాలండీ. మీ పొగడ్త ఇంకా అతని మీదే ఉంది. మీ నోటితోనే తియ్యాలి."

పదేళ్ళుగా ఆరాధిస్తున్నవాణ్ణి అనడానికి నోరు రావద్దూ? బండి కవుతరంలో ఆగింది. బౌలరు పరుగు మొదలెట్టాడు. కళ్ళు మూసుకుని అరిచాను.

"వీడికంటే నేను నయం!"

ప్లాట్‌ఫారం మీది జనం కూడా వెనక్కి తిరిగి చూశారు. ఫైన్‌లెగ్ దిశగా ఒక్క పరుగు. వంద!

ఆ తరవాత పెట్టెలో ఏం జరిగిందో వరసగా చెప్పలేను. డ్రిల్లు మాస్టారు సీటెక్కి రెండు చేతులూ పైకెత్తారు. నేనెవర్నో కౌగిలించుకున్నాను. ముసలమ్మ మాత్రం నిదానంగా బుట్టలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి, ట్రాన్సిస్టర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, కిటికీలోంచి పారేసింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి... పిల్లాడు చల్లగా ఉండాలి."

"ఆమెన్," అన్నారు మాస్టారు.

నాలుగింటికి బందరు. టికెట్టు లేని దూరానికి కట్టవలసింది కట్టి, స్టేషను బయట ఒక బండి దగ్గర రెండు అరటికాయ బజ్జీలు తిని, అత్తవారింట్లో శాంతి కోసం కిలో బందరు లడ్డు కొన్నాను. బందరులో నేను చూసిన వింతలు ఇవే. ఐదింటి బండిలో తిరుగు ప్రయాణం, ఆరున్నరకి గుడివాడ.

బారసాల అయిపోయింది. పిల్లాడి మొలకి నల్లదారం కట్టేశారు. మా ఆవిడ లడ్డు పొట్లం వంక చూసింది, నా వంక చూడలేదు. మా అత్తగారు పిల్లాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఇల్లంతా నా నోటి వంక బెదురుగా చూస్తోంది. పిల్లాడు మాత్రం, నిజం చెప్పాలంటే... వద్దు, చెప్పను.

"ఏముందండీ, బజ్జీ ముక్కూ వీడూనూ! ఎందుకూ పనికొచ్చేట్టు లేడు," అన్నాను.

మా అత్తగారి మొహం విప్పారింది. "ఇన్నాళ్ళకి అల్లుడుగారికి పిల్లల్ని చూడ్డం వచ్చింది!"

నల్లదారం పక్కనే వెండి మొలతాడు కూడా ఎక్కింది. భోజనాల్లో నాకు మొదటి బంతిలోనే చోటు దొరికింది.

మర్నాడు పొద్దున్న ఆరుంబావు బండికి ఇద్దరం బెజవాడ బయల్దేరాం. బండిలో జరిగిందంతా రాత్రే ఆవిడకి చెప్పేశాను. అతనెంత గొప్ప ఆటగాడని మీరడిగితే, నా దగ్గర లెక్కలేమీ లేవు. పొగడ్డానికి ఒక పెట్టెడు జనం భయపడ్డారు, అది మాత్రం చూశాను.

ఇందుపల్లిలో ఎక్కినాయన పేపరు విప్పాడు. "నూట పద్దెనిమిది నాటౌట్! ఏమన్నా ఆటగాడా అండీ, ఇలాంటివాడు మళ్ళీ..."

నేను నోరు తెరిచేలోపే, వికెట్లంటే ఎన్నో తెలియని మా ఆవిడ కొంగు సర్దుకుని అందుకుంది.

"ఊరుకోండన్నయ్యగారూ, ఒట్టి జిడ్డు. ఇంకా ఇవాళ ఆడాలి కదండీ పాపం."